మద్దిలేటి పుట్టిలో మూడు మాటలు

వనపర్తి బస్టాండు గోడ పక్కన ఒక చెప్పులు కుట్టే అతను రేకు తొట్టిలో తోలు నానబెట్టుకుంటాడు. ఈ పొద్దున కర్నూలు బస్సు కోసం అక్కడ నిలబడితే ఆ తడి తోలు వాసన గుప్పున తగిలింది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకుని దూరం జరిగారు. నేను మాత్రం ఒక అడుగు దగ్గరికి వేశాను. నాకు అన్నం పెట్టిన పని ఆ వాసనలోంచే దొరికింది మరి. మెడ మీద లేచిన గడ్డను కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మని ఇక్కడి డాక్టరు నెల కిందటే చెప్పాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. ఇంకేదో కల్పించి చెప్పి, సంచీ చంకన పెట్టుకుని బయటపడ్డాను. బస్సుకు ఇంకా గంట టైముందన్నారు. ఆ గంటసేపూ కృష్ణానది మీద తోలు పుట్టి నడిపిన మద్దిలేటి మామ నా పక్కనే కూర్చున్నట్టుగా ఉంది.

ఇప్పటి పిల్లలు తోలు పుట్టిని చూసి ఉండరు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పెద్ద బుట్ట, దాని అడుగున బర్రె తోలు తొడుగు. అంతే. నది మీద వంతెన లేని ఆ నిజాం కాలంలో గద్వాల వైపు వాళ్ళు పెబ్బేరు సంతకు పోవాలన్నా, వనపర్తికి రావాలన్నా బీచుపల్లి దగ్గర ఆ బుట్టలోకి దిగి ముడుచుకుని కూర్చోవాల్సిందే. పది పన్నెండు మంది అంచు వెంబడి, ముఖాలు లోపలికి పెట్టి, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా కూర్చుంటే గాని పుట్టి సమంగా నిలవదు. పటేలైనా, పాలేరైనా, కొత్త పెళ్ళికూతురైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పేది కాదు.

మద్దిలేటి మామకు అప్పటికే యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. తెడ్డు వేసీ వేసీ కుడి భుజం ఎడమ దానికంటే పైకి లేచి ఉండేది. నది హోరు మీద మాట్లాడే అలవాటు కాబట్టి ఒడ్డున పక్కన కూర్చున్నవాడితో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. అతని పుట్టికి ఒక పద్ధతి ఉంది. అందరూ కూర్చున్నాక, తాడు విప్పే ముందు, ఒక్కొక్కరినీ మూడు మాటలు అడుగుతాడు: ఏ ఊరు, ఎవల బిడ్డవు, ఏం పని మీద పోతున్నవు. ఆ మూడూ అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాలి. ఒకసారి ఒక పోలీసు అమీను, నేనెవరో నీకెందుకు చెప్పాలని కళ్ళెర్రజేశాడట. మామ కోప్పడలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, తంబాకు తీసి తాపీగా నలుపుకుంటూ కూర్చున్నాడట. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అమీను తన ఊరూ, తండ్రి పేరూ, వచ్చిన పనీ చెప్పి, అత్తగారి ఊరు కూడా అడక్కుండానే చెప్పాడని రేవులో కథగా చెప్పుకునేవాళ్ళు.

ఆ మూడు మాటల వల్ల పుట్టి అవతలి ఒడ్డు చేరేలోగా ఎన్ని పనులు కుదిరేవో! ఎద్దు తప్పిపోయినవాడికి దాన్ని చూసినవాడు ఎదురుగా కూర్చుని ఉండేవాడు. మగ్గం మీద పనివాడు కావాలని అమరచింత నుంచి వచ్చిన సాలె పెద్దమనిషికి, పని వెతుక్కుంటూ గద్వాల నుంచి బయల్దేరిన కుర్రవాడి మోకాలు తగిలేది. ఎవరికి ఏం కావాలో నోరు తెరిచి చెబితేనే కదా ఇంకొకరికి తెలిసేది. నాకు ఆ పాటి తెలివి లేక, మొదటిసారి ఆ పుట్టి ఎక్కినప్పుడే అబద్ధం చెప్పాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మాది గద్వాల దాటాక గుంటిపల్లి. మూడెకరాల ఎర్ర చెలక, ఆముదాలూ జొన్నలూ తప్ప ఇంకేదీ పండని నేల. దాన్ని మా అన్న చేస్తున్నాడు. నేను గద్వాలలో ఉర్దూ మిడిల్ ప్యాసయ్యాను. ప్యాసయిన నాడు మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఇంట్లో కూర్చుంటే చెప్పుకోవడానికి ఆయనకు ఏమీ మిగల్లేదు. చివరికి ఒకనాడు, నేను అన్నం తినేదాకా ఆగి, నెమ్మదిగానే అన్నాడు.

"ఉగాది దాంక చూస్త. గప్పటికి కొలువు దొరక్కపోతె బొంబాయికి పోయె గుంపుల కలిసిపో. ఈ చెలక ఇద్దర్ని సాకదు కొడుకా."

మా ఊరి నుంచి బొంబాయికి రాళ్ళు కొట్టడానికి పోయిన వాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళు దగ్గుకుంటూ వచ్చారు. అందుకే, వనపర్తి దాటాక ఒక దొర గడీలో ఉర్దూ రాసేవాడు కావాలట అని ఎవరో చెబితే, ఒక పెద్దమనిషి దగ్గర చీటీ రాయించుకుని పుష్యమాసపు చలిలో బయల్దేరాను.

పుట్టిలో నా ఎదురుగా మిరపకాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక అవ్వ కూర్చుంది. ఆమె పక్కన నల్ల కోటు తొడిగి, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక సాయిబు, కాళ్ళ మధ్య రేకు పెట్టె. మామ అడగటం నాతోనే మొదలుపెట్టాడు. ఊరు చెప్పాను, నాయన పేరు గిడ్డయ్య అని చెప్పాను. ఇక మిగిలింది పని. చదువుకుని రెండేళ్ళుగా పని లేక తిరుగుతున్నానని పది మందిలో ఎలా చెప్పడం?

"పెండ్లికి పోతున్న," అన్నాను.

అవ్వ గంప మీంచి తలెత్తి చూసింది. "పుష్యంల పెండ్లేంది కొడుకా? ఎవలు చేస్తరు?"

ముహూర్తాలు లేని నెలలో పెండ్లి పేరు ఎత్తాను. ఆ మాత్రం జ్ఞానం మా ఊరి పశువుల కాపరికి కూడా ఉంటుంది. "పెండ్లి కాదవ్వా, పెండ్లి మాటలకు," అని సర్దబోయాను. శూన్యమాసంలో మాటలు కూడా మాట్లాడుకోరని పక్కనున్న ముసలాయన గుర్తుచేశాడు. పుట్టి అంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మామ ఒక్కడే నవ్వలేదు. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరే, గట్లనే అనుకుందాం," అని పక్కవాడి వైపు తిరిగాడు.

ఆఖరున సాయిబు వంతు వచ్చింది. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన పశువుల డాక్టరు, ఖాదర్ సాబ్. వచ్చీరాని తెలుగులో నిదానంగా చెప్పాడు. "గద్వాల గొడ్లను చూసి పెబ్బేరు సంతకు పోతున్న, వారం ఆడనే ఉంట. నాకు ఒక మనిషి కావాలె. ఎద్దు కొమ్ము పట్టుకునేంత ధైర్యం ఉండాలె, ఉర్దూ రాసేటంత చదువు ఉండాలె. ఇంకొకటి, అబద్ధం చెప్పొద్దు. రోగమున్న గొడ్డును మంచిదని రాస్తే నాలుగు ఊర్ల గొడ్లు చస్తయి."

ఎద్దుల మధ్యే పుట్టి పెరిగాను. ఉర్దూ వచ్చు. ఆ మాట ఆయన చెబుతున్నంతసేపూ నా మోకాలు ఆయన రేకు పెట్టెకు తగులుతూనే ఉంది. ఇప్పుడే పెండ్లికని కోతలు కోసినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని నోరు తెరవను? అవతలి ఒడ్డు వచ్చింది. డాక్టరు పెట్టె ఎత్తుకుని పెబ్బేరు దారి పట్టాడు. నేను పెండ్లివారి ఇంటికి పోతున్నవాడిలాగా చకచకా ఇంకో వైపు నడిచాను.

గడీలో రెండు రోజులు అరుగు మీద కూర్చోబెట్టారు. మూడోనాడు, ఆ కొలువు దొర బావమరిదికి ఎప్పుడో ఇచ్చేశారని వంటమనిషి నా చెవిన వేశాడు. చీటీ మడత విప్పినవాడు కూడా లేడు. తిరిగి రేవుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. పుట్టి సిద్ధంగా ఉంది, జనం ఇంకా రాలేదు. నేను ఎక్కబోతే మామ తెడ్డు అడ్డంపెట్టాడు.

"పెండ్లి అయిందా?"

నేను వెనక్కి తిరిగి నడవబోయాను.

"సుమ్నె కూసో గీడ," అన్నాడు. రాయచూరు వైపు కన్నడం అతని మాటల్లో అట్లా దొర్లుతూ ఉండేది. ఊరికే కూర్చోమని దానర్థం. నేను రాయి మీద కూర్చున్నాను. అతను పుట్టిని బోర్లా తిప్పి, తోలుకు నూనె రాయడం మొదలుపెట్టాడు. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పాడు.

"నేను ఈ తెడ్డు పట్టిన కొత్తల, నీ అంతున్నప్పుడు, ఎవల్నీ ఏమీ అడుగకపోదును. ఎక్కినోళ్ళను దింపుడే. ఒకనాడు గాలికి పుట్టి తిరగబడ్డది. అందర్నీ ఒడ్డుకేసిన. ఒక్క ఆడామె పోయింది. మూడోనాడు కింద మడుగుల దొరికింది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు, ఎడమ చెవి తమ్మె తెగి ఉండె. కొంగుల బొరుగుల మూట కట్టుకుంది. పిల్లలున్నింటికి పోతున్నదన్నట్టే గదా. ఏ ఊరో తెల్వదు. ఎవల బిడ్డనో తెల్వదు. చుట్టు ముప్పై ఊర్లు తిరిగిన. ఎవలూ మాది అనలె. ఆఖర్కి నేనే అగ్గిపెట్టిన."

నూనె గుడ్డ పక్కన పెట్టి అప్పుడు నన్ను చూశాడు.

"మొన్న నువ్వు మునిగితె, నీ శవాన్ని నేను ఏ పెండ్లింటికి తీస్కపోవాలె చెప్పు?"

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళ మగవాణ్ణి, ఎదురుగా పరిచయం లేని మనిషి, అయినా ఆపుకోలేకపోయాను. చదువూ, నాయన మాటా, బొంబాయీ, గడీ అరుగూ అన్నీ చెప్పేశాను. అతను ఓదార్చలేదు. "మంచిది. గదే పుట్టిల గూడ చెప్పు," అన్నాడంతే.

జనం వచ్చారు. ఆ పూట ఎక్కినవాళ్ళంతా పెబ్బేరు సంత నుంచి తిరిగి పోతున్నవాళ్ళే. నా వంతు రాగానే కళ్ళు కాళ్ళ మీద పెట్టుకుని చెప్పాను. "గుంటిపల్లి. గిడ్డయ్య కొడుకును, చెన్నయ్యను. కొలువు కోసం పోయిన. దొరకలె. ఇంటికి పోతున్న." ఎవరూ నవ్వలేదు. పుట్టి నడిమి నీళ్ళల్లోకి వచ్చేసరికి, మూలన కూర్చున్న ఎద్దుల బేరగాడు ఒకడు తీరిగ్గా నోరు విప్పాడు.

"ఏం చదివినవు తమ్మీ? ఉర్దూనా? ఆ పశువుల డాక్టరు పరేషాన్ అయి కూసుండు పెబ్బేరుల. మొన్న పెట్టుకున్న మనిషిని నిన్న కోడె తన్నింది. వాడు సంచి గూడ ఇడిసిపెట్టి ఉరికిండు."

నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూడలేదు. తెడ్డు ఇటు నుంచి అటు మార్చి రెండు పోట్లు గట్టిగా వేశాడు. పుట్టి నీళ్ళ మీద గిర్రున తిరిగి, వచ్చిన ఒడ్డు వైపే నడక మొదలుపెట్టింది. జనం లబోదిబోమన్నారు. పొద్దు గూకుతుందని ఒకరు, గొడ్లకు నీళ్ళు పెట్టాలని ఒకరు. "ఎనక్కి పోతున్నవేంది మద్దిలేటీ, మతి ఉందా?" అని బేరగాడే అందరికంటే గట్టిగా అరిచాడు.

"పుట్టికి ముందేది, ఎనకేది?" అన్నాడు మామ. "ఎటు తెడ్డేస్తె గదే ముందు. జర ఊకోండి."

ఒడ్డున నన్ను దింపి, "అల్లుడా, ముందుగాల పెండ్లి సంగతి చెప్పు. తర్వాత కొలువు అడుగు," అన్నాడు. అతను నన్ను అల్లుడా అని పిలవడం అదే మొదలు. అప్పటి నుంచి నాకు అతను మామ అయ్యాడు.

పెబ్బేరు చేరేసరికి సంత పల్చబడింది. ఖాదర్ సాబ్ గోనెపట్టా నీడలో ఒంటరిగా కూర్చుని తనలో తాను తిట్టుకుంటున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "ఏం భాయ్, పెండ్లి అయ్యిందా?" అని కనుబొమలు ఎగరేశాడు.

"పెండ్లి లేదు, ఏం లేదు సాబ్. పని లేదని చెప్పడానికి శరమై అబద్ధం చెప్పిన. మీకు మనిషి కావాలన్నరు గదా, నేను పనికొస్తనేమో చూడుండ్రి."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత గుంజకు కట్టిన ఒక తెల్ల కోడెను చూపించి, దాని నోరు తెరిచి ఏముందో చెప్పమన్నాడు. ముక్కుతాడు పట్టి, మెడ కింద భుజం పెట్టి, నాలుక పక్కకు లాగి చూశాను. "నాలిక కింద పుండ్లున్నయి సాబ్. కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి."

"ఏం రోగం?"

ఇక్కడ పొరపాటు చెబితే మళ్ళీ బొంబాయే. అయినా నోట్లోకి వచ్చిన మాటను మింగి, నిజమే చెప్పాను. "తెల్వదు సాబ్. ముసర కావచ్చు, గాలికుంటు కావచ్చు. నాకు తెల్వదు."

ఖాదర్ సాబ్ మొదటిసారి నవ్వాడు. "నా దగ్గర ముగ్గురు పనిచేసిండ్రు. ముగ్గురికీ అన్నీ తెలుసు. అందుకనే ముగ్గురూ పనికిరాలె," అని రేకు పెట్టె నా ముందుకు తోశాడు. ఎత్తుకోమని అర్థం. ఆ పెట్టెను ఎత్తుకున్నవాణ్ణి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా కొలువు ముగిసేదాకా దించలేదు.

ఆ కొలువులో నాగర్‌కర్నూలు పల్లెలన్నీ తిరిగాను. అమ్రాబాద్ అడవిలో పెంటలనే చెంచు గూడేలకు పోయి, వాళ్ళ ఆవులకు టీకాలు వేశాను. ఏ ఊరికి పోయినా మామ పద్ధతే నాకు దారి చూపింది. కొత్త ఊళ్ళో ముందు నేనే నా ఊరూ, నాయన పేరూ, వచ్చిన పనీ చెప్పేవాణ్ణి. ఖాదర్ సాబ్ కోటును చూసి గొడ్లను దొడ్లో దాచేసినవాళ్ళు, గిడ్డయ్య కొడుకునని చెబితే ఏ గిడ్డయ్య అంటూ మాటల్లో పడేవాళ్ళు. మాటల్లో పడ్డాక దొడ్డి తలుపు తీసేవాళ్ళు. చెంచు గూడెంలో ఒక ముసలాయన మూడూ విని, తనూ మూడూ చెప్పి, ఆ తర్వాత ఎక్కడెక్కడ గొడ్లు పడుకున్నాయో చెట్టు చెట్టు వెంట తిప్పి చూపించాడు.

అవతల ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక ఏడు మా వైపు ముసర రోగం వచ్చింది. ఏ ఊళ్ళో గొడ్డు పడిందో సర్కారు కచేరీకి తెలిసేసరికి పది రోజులు పట్టేది. అప్పటికి పక్క ఊరు కూడా ఖాళీ అయ్యేది. నేను ఆదివారం ఆదివారం రేవుకు పోయేవాణ్ణి. మామ తెడ్డు ఆనించి, వారమంతా పుట్టిలో విన్నది వరసగా చెప్పేవాడు. చదువు రాని మనిషి. ఫలానా ఊరివాడు ఎద్దు చచ్చి కొత్తది కొనడానికి పోతున్నానన్నాడు, ఫలానా ఆమె పాలు ఎండిపోయి చుట్టాల ఇంటికి పోతున్నానంది అని ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ఆ మాటలు పట్టుకుని నేనూ ఖాదర్ సాబ్ రోగం కంటే ముందు ఊళ్ళు చేరగలిగాం. గుంటిపల్లికి అట్లాగే ఒక రోజు ముందు చేరాం. మా అన్న ఎద్దులకు నేనే టీకా వేశాను. మా నాయన దూరంగా నిలబడి చూసి, ఊరివాళ్ళతో ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో వినపడలేదు గాని, చెయ్యి మాత్రం నా వైపే చూపిస్తున్నాడు.

మామలో లోపాలు లేవని కాదు. మొండి మనిషి. మేనల్లుడు తిమ్మప్ప తెడ్డు పట్టే తీరు నచ్చక రోజూ తిట్టేవాడు. నా తంబాకు సంచిలో చెయ్యి పెడితే సగం ఖాళీ అయ్యేది. కాని ఆ తేలు పచ్చబొట్టు ఆడమనిషిని మాత్రం అతను మరిచిపోలేదు. "నువ్వు నేను పోలేని ఊర్లు తిరుగుతవు అల్లుడా. గొడ్ల పని అయినంక ముసలోళ్ళను జర అడుగు," అనేవాడు. అడిగాను. ఒకసారి అమ్రాబాద్ దగ్గర ఒక పెద్దాయన, తన వదినకు చెవి తమ్మె తెగి ఉండేదని, పుట్టింటికని పోయి రాలేదని చెప్పాడు. తీరా అడిగితే ఆమెకు పచ్చబొట్టే లేదు. ఆ సంగతి మామకు చెప్పక తప్పలేదు. చెప్పాక, అతను నీళ్ళ వైపు చూస్తూ, "గట్లయితె ఆమెవాళ్ళు ఇంకా యాడనో ఎదురుచూస్తనే ఉన్నరు," అన్నాడు.

కొన్నేళ్ళకు అతనికి కడుపులో నొప్పి మొదలైంది. వనపర్తి దవాఖానకు తీసుకుపోదామని నేనే పోయాను. పుట్టిలో మామ, నేను, తెడ్డు పట్టిన తిమ్మప్ప. తిమ్మప్ప తాడు విప్పబోయాడు.

"ఏరా, అడుగవా?" అన్నాడు మామ.

"నిన్నేం అడగాలె మామా? నువ్వెవలో నాకు తెల్వదా?"

"నేనైతె ఏంది? ఎక్కినోడు ఎవడైనా ఎక్కినోడే. అడుగు."

తిమ్మప్ప తాడు వదిలేశాడు. మూడు మాటలూ అడిగాడు. మామ ఎప్పటిలాగే నదికి అవతల వినపడేలా చెప్పాడు. "ఇదే రేవు. బోయిని ఈరమ్మ కొడుకును, మద్దిలేటిని. దవాఖానకు పోతున్న. తిరిగొచ్చుడు తెల్వదు." నా వంతు వచ్చినప్పుడు, మామను దవాఖానకు తీసుకుపోతున్నానని చెప్పాను. నాలుగు రోజుల తర్వాత అతన్ని అదే పుట్టిలో వెనక్కి తెచ్చాం. రేవు నిండా జనం. ఎవరు ఎవరికి కబురు చేశారో తెలియదు. అతను మూడు మాటలు అడిగిన ఊళ్ళన్నీ వచ్చినట్టుగా ఉన్నాయి. మిరపకాయల అవ్వ కూడా వచ్చింది, కళ్ళు కనపడక కోడలి చెయ్యి పట్టుకుని. మనసారా ఏడ్చాను ఆ రోజు. నన్ను బొంబాయి పాలు కాకుండా కాపాడిన మనిషికి నేను చేయగలిగింది అంతే.

బస్టాండులో ఇదంతా తలచుకుంటూ ఉండగానే గంట గడిచింది. అలవాటు కొద్దీ చెప్పులు కుట్టే అతన్ని పలకరించాను. మాది గుంటిపల్లి, గిడ్డయ్య కొడుకునని చెప్పాను. అతనిది అమరచింత పక్కనట. వాళ్ళ అవ్వ తొంభై ఏళ్ళు బతికిందన్నాడు. తేలు పచ్చబొట్టు సంగతి వాళ్ళ ఇంట్లో ఎప్పుడైనా విన్నావా అని అడిగాను. లేదన్నాడు. తర్వాత సూది తోలులో గుచ్చి, తలెత్తకుండా, "ఏం పని మీద పోతున్నవు పెద్దాయనా?" అని అడిగాడు.

జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. కర్నూలు బస్సు వచ్చి నిలబడింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. నేను మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ కిందికి తీశాను. కండక్టరు, "వస్తవా రావా?" అని విసుక్కున్నాడు. రానని చెప్పి ఇంటి దారి పట్టాను.

పొద్దున బయల్దేరేటప్పుడు కోడలు సావిత్రి యాడికి మామా అని అడిగితే, అమరచింతలో తెలిసినవాళ్ళ పెండ్లి అని చెప్పాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "పుష్యంల పెండ్లేంది మామా?" అంది. ఇన్నేళ్ళు గడిచాయి, ఇంత అనుభవం వచ్చింది, అబద్ధం చెప్పాల్సి వస్తే మళ్ళీ అదే నెల, అదే పెండ్లి! ఇప్పుడు అన్నీ మారిపోయినయని గొణిగి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కొడుకు పనికి పోయాడు. గడప అవతలే నిలబడి, రేవులో చెప్పినట్టు గట్టిగా చెప్పాను.

"పెండ్లి లేదు, ఏం లేదు బిడ్డా. కర్నూలు దవాఖానకు పోతున్న. మెడ మీద గడ్డ లేచింది. నెల సంది దాచిన. ఏమైతదో తెల్వదు."

సావిత్రి చాట కింద పెట్టింది. దగ్గరికొచ్చి నా మెడ మీద తువ్వాలు పక్కకు తీసి చూసింది. తిట్టలేదు.

"జరసేపు నిలబడు మామా," అంది. "తాళం ఏసొస్త."